వసంతంలో వచ్చే బతుకమ్మ

మెల్‌బోర్న్‌లో బతుకమ్మ వసంతకాలంలో వస్తుంది. హన్మకొండలో వానలు వెనుకబట్టి, చెరువులు నిండి, చేలగట్ల మీద గునుగు తెల్లగా పూసి, గుట్టల వాలులో తంగేడు విరగబూసే రోజుల్లోనే, భూగోళానికి దక్షిణాన ఉన్న ఈ నగరంలో చలికాలం ముగిసి చెట్లు అప్పుడప్పుడే చిగురు వేస్తుంటాయి. తిథి పంచాంగాన్ని బట్టి వస్తుంది కనుక అది మనం ఏ దేశంలో ఉన్నా వస్తుంది. పూలు మాత్రం నేలను, ఋతువును బట్టి వస్తాయి. దీపావళికి దీపమూ, ఉగాదికి పచ్చడీ పరదేశంలో కూడా ఏదో ఒక విధంగా అమరుతాయి కానీ, పూలనే గౌరమ్మగా పేర్చి కొలిచే పండుగను ఆ పూలు లేని చోట ఎలా జరుపుకోవాలన్నది నన్ను చాలాకాలం బాధించిన ప్రశ్న. పెళ్లయి ఇక్కడికి వచ్చిన తర్వాత ఆ పండుగ నాకు ఎలా దూరమైందో, దానిని మళ్లీ నా చేతులతో పేర్చుకునే దాకా ఏమేమి చేయవలసి వచ్చిందో వివరంగా రాస్తున్నాను. దూరదేశాల్లో ఉన్న మన ఆడబిడ్డలకు ఇందులో కొన్ని సంగతులైనా పనికివస్తాయని ఆశ.

మా ఇల్లు పద్మాక్షి గుట్టకు నడిచి వెళ్లగలిగిన దూరంలో ఉండేది. భాద్రపదం వచ్చిందంటే వాడలోని పెళ్లికాని ఆడపిల్లలమంతా పుట్టమన్ను తెచ్చి, పీట మీద అంతస్తులుగా బొడ్డెమ్మను చేసి, పూలు పెట్టి, సాయంత్రాలు దాని చుట్టూ ఆడేవాళ్లం. బొడ్డెమ్మను సాగనంపాక పెత్రమాస వచ్చేది. ఆ అమావాస్యనాటి ఎంగిలిపూల బతుకమ్మతో మొదలై, అటుకులు, ముద్దపప్పు, నానబియ్యం, అట్లు అంటూ రోజుకొక నైవేద్యం పేరుతో సాగి, ఆరవనాడు అమ్మవారు అలిగిందని బతుకమ్మను పేర్చకుండా ఆగి, మళ్లీ వేపకాయలు, వెన్నముద్దలు దాటుకుని, దుర్గాష్టమినాటి సద్దుల బతుకమ్మతో పండుగ ముగిసేది. అత్తగారిళ్లకు వెళ్లిన మేనత్తలూ అక్కలూ ఆ తొమ్మిది రోజుల్లో ఎప్పుడో ఒకప్పుడు పుట్టింటికి చేరేవారు. బడికి దసరా సెలవులు ఉండేవి కనుక మాకు పండుగ తప్ప వేరే పని ఉండేది కాదు.

ఆ పండుగలో నాకు ఆటకన్నా పూల సేకరణ ఎక్కువ ఇష్టం. బాపు తెల్లవారకముందే సైకిలు తీసి మడికొండ వైపు వెళ్లి, గుట్టల కింది బీళ్లలోంచి తంగేడు కొమ్మలు కట్టగట్టి తెచ్చేవాడు. మేము పెద్దమ్మ వెంట ఊరి చివరి మక్కచేన్లకూ పత్తిచేన్లకూ పోయి గునుగు కోసుకొచ్చేవాళ్లం. గునుగు ఎవరూ విత్తని మొక్క, రైతుకు అది కలుపు. అందుకే చేను గలవాళ్లు మమ్మల్ని అడ్డుకోకపోగా, అవతలి గట్టు మీద ఇంకా ఉందని పిలిచి మరీ చూపేవారు. లేతగా ఉన్నప్పుడు దాని ఆకును కూర వండుకుంటారు కూడా. ఒడి నిండా గునుగుతో, మడమల దాకా బురదతో ఇంటికి వచ్చేసరికి పొద్దెక్కేది. సద్దులకు ముందురోజు అమ్మ ఆ గునుగును వాకిట్లో కుప్పలు చేసి, తెల్లదానిని కొంత అలాగే ఉంచి, మిగిలినదాన్ని కాడలు సమంగా కోసి చిన్న చిన్న కట్టలు కట్టి, అంగడిలో కొన్న రంగుపొడులు కలిపిన నీళ్లలో తలల వరకే ముంచి గోనెసంచుల మీద ఆరబెట్టేది. మా వేళ్లకు అంటిన గులాబీ రంగు దసరా దాటినా పోయేది కాదు, బడి తెరిచాక ఎవరింట్లో ఎంత పెద్ద బతుకమ్మను పేర్చారో వేళ్లు చూసి చెప్పుకునేవాళ్లం.

పేర్చడం అమ్మ పని, నేను అందించే దాన్ని. ఇత్తడి తాంబాళంలో గుమ్మడాకులు పరిచి, అంచు వెంట తంగేడును గుండ్రంగా పెట్టి, ఆపైన ఒక వరుస తెల్ల గునుగు, ఒక వరుస రంగు గునుగు, నడుమ నడుమ బంతి, చామంతి, కట్ల పూలు పేర్చుకుంటూ, ప్రతి వరుసకూ చుట్టు కొద్దిగా తగ్గించుకుంటూ గోపురంలా పైకి తీసుకుపోయేది. వరుసలు చూసేవాళ్లకు కనిపిస్తాయి కానీ బతుకమ్మ నిలబడేది లోపల నింపిన ఆకులు, తరిగిన కాడల మీదనే. “నడుమ గట్టిగ నింపాలె బిడ్డా, లేకుంటె నెత్తిమీద పెట్టుకొని పోతాంటె ఒరిగిపోతది” అని ప్రతి ఏడూ చెప్పేది. చివరన గుమ్మడిపువ్వు పెట్టి, పసుపు గౌరమ్మను చేసి నిలిపి, కుంకుమ పెట్టి, ఊదుబత్తులు గుచ్చేది. తల్లి బతుకమ్మ పక్కన పిల్ల బతుకమ్మ తప్పకుండా ఉండాలి. కొంచెం పెద్దయ్యాక ఆ పిల్ల బతుకమ్మను పేర్చే పని నాకు అప్పగించారు.

ఎంగిలిపూల నాడు వేయిస్తంభాల గుడికి వెళ్లేవాళ్లం. కాకతీయ రుద్రదేవుడు 1163లో కట్టించిన ఆ గుడి ముందు వరంగల్, హన్మకొండ, కాజీపేట నుంచి వచ్చిన ఆడవాళ్లు ఒకరి వెనుక ఒకరు వలయాలు కట్టి ఆడుతుంటే, నడుమ పెట్టిన బతుకమ్మలను లెక్కపెట్టడం పిల్లల వల్ల అయ్యేది కాదు. సద్దుల నాడు మాత్రం మా వాడంతా పద్మాక్షి గుండానికే పోయేది. చీకటి పడ్డాక బతుకమ్మలను గుండంలో సాగనంపి, గౌరమ్మ పసుపును పుస్తెలకు అద్దుకుని, పెద్దవాళ్లు వాయినాలు ఇచ్చిపుచ్చుకుని, పెరుగు సద్ది, పులిహోర, నువ్వుల సద్ది, కొబ్బరి సద్ది, మలీద ముద్దలు, మక్కల సత్తుపిండి అందరూ అందరికీ పంచేవారు. ఎవరి డబ్బాలోది ఎవరు తింటున్నారో తెలిసేది కాదు. 2014లో తెలంగాణ ఏర్పడి బతుకమ్మ రాష్ట్ర పండుగ అయింది, తంగేడు రాష్ట్ర పుష్పమైంది. మా కళ్లముందు వాడల్లో, చెరువుకట్టల మీద ఆడుకున్న ఆటకు ప్రభుత్వ గౌరవం దక్కిందని ఇంటిల్లిపాదీ సంబరపడ్డాం. పెళ్లికి ముందు నేను అమ్మతో కలిసి ఆడిన చివరి బతుకమ్మ ఆ ఏడాదిదే.

మెల్‌బోర్న్ పడమటి శివార్లలోని టార్నీట్‌లో మేము కాపురం పెట్టాం. ఆ చుట్టుపక్కల తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి కనుక మనుషుల కొరత లేదు. కొరత వేరే రకంగా ఉండేది. అక్టోబరు మొదటి ఆదివారం ఇక్కడ గడియారాలను ఒక గంట ముందుకు జరుపుతారు. ఆ తర్వాత ఇక్కడి కాలం మన కాలం కన్నా ఐదున్నర గంటలు ముందుంటుంది. హన్మకొండలో రాత్రి ఏడింటికి ఆట మొదలయ్యేసరికి ఇక్కడ అర్ధరాత్రి దాటి అరగంట అవుతుంది. మరునాడు ఉద్యోగానికి పోవాలి. అయినా మొదటి సంవత్సరాల్లో నిద్ర ఆపుకుని వీడియో కాల్‌లో కూర్చునేదాన్ని. చెల్లెలు ఫోను పట్టుకుని గుండం దగ్గర గుంపులో నడుస్తుంటే, తెర మీద ఒక క్షణం అమ్మ చెయ్యి, ఒక క్షణం ఎవరిదో చీర కొంగు, ఒక క్షణం దీపపు వెలుగు కనబడేవి. చూసిన కొద్దీ దిగులు పెరిగేది తప్ప తీరేది కాదు. అమ్మ మాత్రం ఫోను దగ్గరకు వచ్చిన ప్రతిసారీ ఒకటే అడిగేది: “తిన్నవా బిడ్డా? బతుకమ్మ ఆడినవా?”

ఆడాననే చెప్పేదాన్ని, అందులో అబద్ధమేమీ లేదు. ఇక్కడి తెలుగువాళ్లు పండుగ రోజులకు దగ్గరగా వచ్చే శనివారం ఒక హాలు అద్దెకు తీసుకుని బతుకమ్మ జరుపుతారు. ఉద్యోగాలు చేసుకుంటూ, పిల్లలను చూసుకుంటూ, రాత్రులు మేల్కొని ఆ ఏర్పాట్లు చేసేవాళ్ల శ్రమ నాకు తెలుసు, వాళ్ల పట్ల నాకు కృతజ్ఞత ఉంది. పట్టుచీరలు, పాటలు, భోజనాలు అన్నీ నిండుగా ఉండేవి. నడుమ పెట్టిన పెద్ద బతుకమ్మలో పూలకొట్టు నుంచి తెచ్చిన చామంతులతో పాటు గుడ్డపూలు కూడా ఉండేవి, ఋతువు కాని ఋతువులో అంతకన్నా చేయగలిగిందీ లేదు. కానీ ఎవరో పేర్చి పెట్టిన బతుకమ్మ చుట్టూ రెండు గంటలు ఆడి కారెక్కి ఇంటికి వస్తుంటే, నాకు తొమ్మిది రోజుల పనిలో ఒక్కరోజు పని కూడా దొరకలేదన్న వెలితి ఉండేది. ఆడింది నిజమే, కానీ ఒక పువ్వు కూడా నా చేతికి రాలేదు. నేను పోగొట్టుకున్నది ఆ పొద్దటి నడక, ఆ బురద, ఆ రంగు, ఆ పేర్పు అని గ్రహించాక, హాలు ఎంత పెద్దదైనా నా బెంగ ఎందుకు తీరడం లేదో అర్థమైంది.

2020లో ఆ హాలు కూడా లేకుండా పోయింది. మార్చిలోనే ఆస్ట్రేలియా సరిహద్దులు మూసేసింది. ఆగస్టు నుంచి మెల్‌బోర్న్‌లో ఇంటికి 5 కిలోమీటర్లు దాటి వెళ్లకూడదన్న ఆంక్ష వచ్చింది, బతుకమ్మ రోజుల నడుమన దానిని 25 కిలోమీటర్లకు సడలించారు. ఆ ఏడాది అధిక ఆశ్వయుజం రావడంతో సద్దుల బతుకమ్మ అక్టోబరు 24న పడింది. ఎవరింటికీ పోలేము, ఎవరూ రాలేరు, ఊరికి వెళ్లే దారే లేదు. అక్కడ బాపుకు జ్వరం వచ్చి తగ్గింది, ఇక్కడ నేను కన్నీళ్లు దిగమింగుకుంటూ రోజులు గడిపాను. సద్దులు దగ్గర పడుతున్న ఒక ఉదయం అమ్మ ఫోనులో, “పూలు దొరకకుంటె ఏ పువ్వైతె ఆ పువ్వే పెట్టు, గౌరమ్మ పసుపుల ఉన్నది గదా, పసుపు లేదా నీ ఇంట్ల?” అన్నది. పసుపు ఉంది. ఆ మాటతో బయలుదేరాను.

మా ఇంటి వెనుక ఇంకా ఇళ్లు కట్టని స్థలాల నిండా కేప్‌వీడ్ అనే పసుపు రంగు పువ్వుల కలుపు మొక్క అల్లుకుని ఉండేది. గునుగులాగే అది కూడా ఎవరూ విత్తనిది, ఎవరికీ అక్కరలేనిది. మా పాపను వెంటబెట్టుకుని ఒక బుట్ట నిండా కోశాను. బురద అంటింది, నడుము నొప్పి పుట్టింది, ఎన్నో ఏళ్ల తర్వాత మొదటిసారి పండుగ వచ్చినట్టు అనిపించింది. పక్కింటి పెద్దావిడ తన పెరట్లోని బాటిల్ బ్రష్ చెట్టు నుంచి కావలసినన్ని కోసుకొమ్మని గోడ మీదుగా అందించింది. ఎర్రగా, కుచ్చులాగా, కాడ చుట్టూ దట్టంగా ఉండే ఆ పువ్వు రంగు అద్దిన గునుగును కొంత తలపిస్తుంది. గుమ్మడాకులకు బదులు పెరట్లోని సిల్వర్‌బీట్ అనే, పాలకూరలాంటి పెద్ద ఆకుకూర ఆకులు పరిచాను. పేర్చుతున్నంతసేపూ బాగానే ఉంది కానీ, పొద్దు వాలగానే కేప్‌వీడ్ పూలన్నీ ముడుచుకుపోయి, పసుపు వరుసలు ఆకుపచ్చ మొగ్గలుగా మారాయి. పగటి వెలుగులోనే విచ్చుకుని ఉండే పూలు అవి. తంగేడు అలా చేయదు. అయినా బల్ల మీద పసుపు గౌరమ్మతో నిలిచిన ఆ చిన్న బతుకమ్మ ముందు నేనూ మా పాపా చప్పట్లు కొడుతూ తిరిగాం. అమ్మ అక్కడి నుంచి ఫోనులో పాట అందుకుంది. మాట ఇక్కడికి చేరేసరికి క్షణం ఆలస్యమయ్యేది కనుక ఆమె ‘ఉయ్యాలో’ అన్నప్పుడు మా చప్పట్లు పడేవి కావు. ఆ తర్వాత నుంచి అమ్మ పాటలను ముందే పాడి రికార్డు చేసి పంపుతున్నది, మేము వాటికే అడుగు వేస్తున్నాం. అలా చేరిన పాటలు ఇప్పుడు మా ఇంట్లో చాలా ఉన్నాయి. వాటిలో కొన్ని మా నాయనమ్మ ఊరివి, నాకు కూడా అంతకుముందు తెలియనివి.

మరుసటి ఏడాది నుంచి దీన్ని ముందుగా ఆలోచించి చేయాలనుకున్నాను. ఊరి నుంచి గునుగు తెప్పించుకోవాలన్న ఆలోచన రాగానే మానుకున్నాను. ఈ దేశంలోకి వచ్చే విత్తనాలు, పచ్చి పూలు, మొక్కల భాగాలన్నీ విమానాశ్రయంలో ప్రకటించి అధికారులకు చూపించాలి, అనుమతి లేనివాటిని తీసేసుకుంటారు. ఇక్కడి పంటలను, అడవులను తెగుళ్ల నుంచి కాపాడుకోవడానికి పెట్టుకున్న ఆ నియమాలు న్యాయమైనవే. కనుక ఇక్కడ దొరికేవాటినే వెతికాను. మొదట కళ్లకు ఆనినది వాటిల్. మన తుమ్మకు దగ్గరి చుట్టమైన ఈ చెట్టు చలికాలం చివర నిండా పసుపు పూలతో వంగిపోతుంది. గోల్డెన్ వాటిల్ 1988లో ఆస్ట్రేలియా జాతీయ పుష్ప చిహ్నమైంది, సెప్టెంబరు 1ని వాటిల్ దినంగా జరుపుకుంటారు. మన రాష్ట్ర పుష్పమూ వీళ్ల జాతీయ పుష్పమూ రెండూ పసుపుపచ్చనివే కావడం నాకు ఎంతో ఆప్యాయంగా తోచింది. అయితే ప్రభుత్వ స్థలాల్లోని స్థానిక మొక్కలను కోయకూడదు. పెరట్లో చెట్టున్న స్నేహితురాలిని అడిగి తెచ్చుకున్నాను. కోసిన కొద్దిసేపటికే పూలు పొడిపొడిగా రాలుతాయి కనుక వాటిల్‌ను ముందు వరుసల్లో కాక, పేర్పు అంతా అయిన తర్వాత అడుగు అంచున రెమ్మలుగా గుచ్చాలని చేస్తూ తెలుసుకున్నాను.

బంతి ఇక్కడ ఎండాకాలపు మొక్క, సెప్టెంబరులో ఉండదు. దాని స్థానంలో కాలెండులా పనికివచ్చింది. ఏప్రిల్‌లో విత్తితే చలికాలమంతా పెరిగి సరిగ్గా పండుగ వేళకు నారింజ, పసుపు రంగుల్లో ముద్దగా పూస్తుంది. చామంతి తోటల్లో పూసేది ఇక్కడి శరత్తులో, అంటే ఏప్రిల్, మే నెలల్లో. మే నెలలో వచ్చే మాతృదినానికి తల్లులకు చామంతులే ఇస్తారు. పూలకొట్లలో మాత్రం ఏడాదంతా దొరుకుతాయి కనుక దానికి ఇబ్బంది లేదు.

గునుగు కోసం పడిన శ్రమే పెద్దది. తోటలు పెంచేవాళ్లు అందం కోసం వేసే సెలోషియాలు చాలావరకు మన గునుగు జాతివే, సెలోషియా అర్జెంటియా అన్నదే దాని శాస్త్రీయనామం. గోధుమ కంకిలా సన్నగా పూసే రకం విత్తనాలు ఇక్కడి నర్సరీలోనే దొరికాయి. మెరిసే నల్లని ఆ చిన్న గింజలను అరచేతిలో పోసుకున్నప్పుడు పెద్దమ్మ ఒడిలోంచి రాలిన గింజలే గుర్తొచ్చాయి. అయితే ఈ మొక్కకు వెచ్చని నేల కావాలి. మెల్‌బోర్న్‌లో అక్టోబరు దాటాక విత్తితే జనవరి నుంచి పూస్తుంది, బతుకమ్మ నాటికి ఒక్క పువ్వూ ఉండదు. దీనికి మార్గం అమ్మకూ తోచలేదు, నాకూ తోచలేదు. చివరకు తోటపని తెలిసిన పక్కింటి పెద్దావిడే, ఈ పువ్వు ఎండినా రంగు చాలావరకు నిలుపుకుంటుందని, కోసి ఆరబెట్టి దాచుకోవచ్చని చెప్పింది. ఫిబ్రవరిలో కంకులు నిండుగా పూసినప్పుడు పొడి ఎండ ఉన్న ఉదయం కోసి, ఆకులు దూసేసి, కట్టలు కట్టి, వెలుతురు రాని గ్యారేజీలో తలకిందులుగా వేలాడదీశాను. కొన్ని వారాలకు కరకరలాడేలా ఎండాయి. వాటిని అట్టపెట్టెల్లో పెట్టి సెప్టెంబరు దాకా దాచాను. పండుగకు ఏడెనిమిది నెలల ముందే పూలు కోయడం అమ్మకు వింతగా తోచింది. “ఎండిన పువ్వు గౌరమ్మకు పెడుతరా?” అని సందేహించింది. కొన్నాళ్లు ఆలోచించి తనే ఫోను చేసి, “గునుగు చేన్ల ఉన్నప్పుడు గూడ ఎండినట్టే గరగర ఉంటది, పెట్టు, ఏం గాదు” అని అనుమతి ఇచ్చింది.

ఎండిన గునుగుకు రంగు అద్దడం పచ్చిదానికి అద్దినంత తేలిక కాదు. వేడినీళ్లలో రంగు కలిపి, చల్లారాక ముంచితే కంకి లోపలి దాకా పడుతుంది. తీసిన తర్వాత నీడలో నిలబెట్టి ఆరనివ్వాలి, పడుకోబెడితే ఒకవైపు రంగంతా దిగుతుంది. ఎండిన కాడలు పేర్చేటప్పుడు పుటుక్కున విరుగుతాయి కనుక ముందురాత్రి తడిబట్టలో చుట్టిపెట్టాలి. ఇవన్నీ ఒక్కొక్కటిగా తెలిశాయి. పేర్చేటప్పుడు తాంబాళం చుట్టూ నల్లని గింజలు రాలుతూనే ఉంటాయి, వాటిని ఏరి పెట్టుకుంటే వచ్చే ఏడాదికి విత్తనాల కోసం ఎవరినీ అడగనక్కర లేదు.

2022లో, సరిహద్దులు తెరిచాక, పండుగకు ఊరికి వెళ్లగలిగాను. ఆ ఏడాది సెప్టెంబరు 25న ఎంగిలిపూలు, అక్టోబరు 3న సద్దులు. ఎన్నో ఏళ్లుగా ఎదురుచూసిన ప్రయాణం అది. అమ్మ ముంగిట కూర్చుని నడుమ ఆకులు నింపుతుంటే, నేను వరుసలు పేర్చాను. ఆమె చేతులు సన్నగా వణుకుతున్నాయి కానీ గోపురం వాలు మాత్రం కంటితోనే సరిచూసి చెబుతున్నది. ఒక్క విషయం నన్ను బాధించింది. బాపు తంగేడు తెచ్చిన బీళ్లలో ఇప్పుడు ప్లాట్ల హద్దురాళ్లు ఉన్నాయి. తంగేడూ గునుగూ చౌరస్తా దగ్గర పల్లెల నుంచి వచ్చిన ఆడవాళ్ల దగ్గర కట్టల లెక్కన కొనుక్కోవలసి వచ్చింది. పొద్దున్నే చేల వెంట తిరిగి ఆ పూలు తెచ్చిన వాళ్లకు నాలుగు డబ్బులు రావడం నాకు సంతోషమే. కానీ మా వాడ పిల్లలకు గునుగు ఏ చేనులో పూస్తుందో తెలియకుండా పోతున్నదని తెలిసి మనసు కలుక్కుమన్నది. మా పాప ఆ కట్టలను చూసి, “ఇవి మనం పెంచేవే కదా, ఎందుకు కొంటున్నాం?” అని అడిగితే ఇంట్లో అందరూ దానిని దగ్గరకు తీసుకున్నారు. గుండం దగ్గర ఆ రాత్రి అమ్మతో కలిసి వలయంలో నడిచాను. దాని గురించి ఎక్కువగా రాయలేను, నాకు మాటలు అందవు.

తిరిగి వచ్చాక ఈ పని మా ఇంటి గడప దాటింది. కరీంనగర్, జగిత్యాల, ములుగు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన నలుగురైదుగురు ఆడవాళ్లం ఎండాకాలంలో మా మా పెరళ్లలో సెలోషియా వేస్తున్నాం. ఒకరికి వానకు కుళ్లిపోతే ఇంకొకరి దగ్గర మిగులుతుంది. పండుగ ముందు ఆదివారం ఒకరింట్లో కూడి రంగులు అద్దుతాం. ఒక్కో ఊరి పేర్పు ఒక్కో తీరుగా ఉంటుంది. జగిత్యాల వదినె అంచున ఆకుల వరుస పెట్టనిదే ఒప్పుకోదు, నేను మా అమ్మ తీరు వదలను, చివరకు రెండు బతుకమ్మలు తయారవుతాయి. శనివారం హాలులో పెట్టే బతుకమ్మను కూడా ఇప్పుడు మేమే పేరుస్తున్నాం, కోరిన పిల్లలందరికీ ఒక్కో వరుస అప్పగిస్తాం. బహిరంగ చెరువుల్లో పూలు వదలడం ఇక్కడ కుదరదు కనుక, పెరట్లో పెద్ద తొట్టిలో నీళ్లు పోసి అందులోనే సాగనంపుతాం. పసుపు కలిసిన ఆ నీళ్లను చెట్లకు పోసి, పూలను ఎరువు కుప్పలో వేస్తాం. సత్తుపిండికి మక్కలు, నువ్వులు, బెల్లం అన్నీ ఇక్కడి దుకాణాల్లోనే దొరుకుతాయి, ఆ సంగతికి ఇబ్బంది ఎప్పుడూ కలగలేదు.

ఇది మొదలుపెట్టాలనుకునేవాళ్లు పంచాంగాన్ని ఒక ఏడాది ముందుగా చూసుకోవాలి. 2025లో ఎంగిలిపూలు సెప్టెంబరు 21న రావడంతో వాటిల్ ఇంకా చెట్టు మీద ఉంది. 2026లో అధిక జ్యేష్ఠం ఉన్నందున పెత్రమాస అక్టోబరు 10న పడుతుంది, అప్పటికి వాటిల్ రాలిపోతుంది, బాటిల్ బ్రష్ మాత్రం పూత మీద ఉంటుంది. అందుకని ఆ ఏడాదికి కాలెండులాను ఏప్రిల్‌లో ఒక మడి, జూన్ చివర ఇంకొక మడి వేయాలని అనుకున్నాం. పసుపు వరుసలన్నీ దానితోనే నడవాలి. గునుగుకు ఈసారి ఎండ బాగా తగిలే ఉత్తరపు గోడ పక్కన చోటు కేటాయించాను. విత్తనాలు మిగిలితే దగ్గర్లో ఉన్న ఏ ఆడబిడ్డకైనా ఇస్తాను, ఆరబెట్టే తీరు కూడా చూపిస్తాను.